ఆకుపచ్చ పాకెట్లు

ఫిబ్రవరి 9

గుండుగాడి తల్లికి, సగం తల అక్క దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. దానితో పాటు నువ్వు కాగితంలో చుట్టి పంపిన వెంట్రుకల ఉండ కూడా అందింది. జుట్టు ఊడుతోందని రాస్తే నమ్మనా? ఆ పొట్లం విప్పుతుంటే మా ఇంటిగలావిడ పక్కనే ఉంది. నాకెవరో చేతబడి చేశారనుకుని రెండడుగులు వెనక్కి వేసింది. అప్పటినుంచి నాతో కాస్త మర్యాదగా మాట్లాడుతోంది. ఆ పుణ్యం నీదే.

కాన్పయిన మూడు నాలుగు నెలలకు జుట్టు ఊడడం లోకంలో ఉన్నదే. మళ్ళీ వస్తుంది. చెబితే నువ్వు వినవని తెలుసు. అయినా అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేదానివి, నీ జడ ఎవరు చూడొచ్చారే? బస్ స్టాండులో జనానికి కావలసింది నీ గొంతు. అది విన్నాక బస్సు తప్పిపోయినవాడు కూడా తిట్టుకోకుండా వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాడు. అందుకే నీతో ఫోను మాట్లాడను. రోజంతా అరిగిన గొంతును ఇంటికొచ్చాక నా కోసం అరగదీయకు. పైగా ఫోనులో "బాగున్నానక్కా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. ఉత్తరంలో అయితే నీకు అబద్ధం ఆడడం చేతకాదు.

నా పనేమిటో మీ ఆయనకు అర్థం కాలేదన్నావు. ఇలా చెప్పు. ఇక్కడ తలకు రాసేవీ గోళ్ళకు పూసేవీ తయారుచేసే కంపెనీ ఒకటుంది. అమ్మేముందు వాటిని ఎవరో ఒకరి మీద వేసి చూడాలి. ఆ ఎవరో ఒకరం మేమే. స్కేలు పెట్టి గీసినట్టు నా నడినెత్తిన పాపిడి తీస్తారు. ఎడమవైపు ఒక నూనె, కుడివైపు ఇంకో నూనె. ఏది కొత్తదో ఏది ఉత్తదో రాసే అమ్మాయికీ తెలియదు, రాయించుకునే నాకూ తెలియదు. తర్వాత తెల్లగుడ్డ మీద తల దువ్వి రాలినవి ఏరుకుంటారు. మా మీద పెత్తనం చేసే తెల్లకోటావిడ నా తలను చూసినంత ప్రేమగా నా మొహాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పోయిన నెల చుండ్రు షాంపూ వంతు. దానికి ముందు కొన్ని వారాలు తలస్నానం మానేసి చుండ్రు పండించమన్నారు. పండించాను. నల్ల చీరలు పెట్టెలో పెట్టేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల నుంచి మాకు మింగే మాత్రలు ఇస్తున్నారు. జుట్టుకూ గోళ్ళకూ బలమట. సగం మందికి అసలు మాత్రలు, మిగతావాళ్ళకు ఉత్తి పిండి మాత్రలు. పాకెట్ల రంగులు వేరు. ఏ రంగువి అసలువో మాకు చెప్పరు. నావి ఆకుపచ్చ పాకెట్లు. వారానికి సరిపడా ఒకేసారి మా చేతికిస్తారు, అక్కడే రోజుకొకటి వేసుకోవాలి. నా జుట్టుకేం రోగం? నేను మింగను. అన్నీ నీకే పంపుతున్నాను. రోజుకొకటి వేసుకో.

ఒక్క మాట. ఇవి మా గేటు దాటకూడదని సంతకాలు చేయించుకున్నారు. దాటాయని తెలిస్తే ఆ రోజే నన్ను పంపించేస్తారు. ఈ వయసులో నాకు ఇంకో పని ఎవరిస్తారు? కాబట్టి మీ ఆయనకు గానీ, డాక్టరుకు గానీ, పక్కింటివాళ్ళకు గానీ చెప్పావో, నా మీద ఒట్టే.

గుండుగాడి బోడితల మీద నా తరఫున ఒక ముద్దు పెట్టు.

చుండ్రు రైతు,
నీ అక్క


మార్చి 14

అక్కా,

పంట ఎలా ఉంది? ఈ ఏడు దిగుబడి బాగుంటే మాకూ ఓ బస్తా పంపు.

నీ మాత్రలు అందాయి. పాత చీర మడతల్లో పెట్టి పంపావు కదా, నేను ముందు చీర చూసి సంబరపడ్డాను. మాత్రల్ని పప్పుల డబ్బాలో దాచాను. ఈయన పెళ్ళయినప్పటినుంచి ఆ డబ్బా మూత తీసిన పాపాన పోలేదు. మా ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు. రోజూ ఒకటి క్రమం తప్పకుండా వేసుకుంటున్నాను.

గుండుగాడు బోర్లా పడుతున్నాడు. వాడి తలమీద ఒక్క వెంట్రుకా లేదు గానీ నా జుట్టు గుప్పిట పట్టాడంటే వదలడు. దొరికినంత పీకి నోట్లో పెట్టుకుంటాడు. ఉన్న నాలుగూ వాడే పీకేసేలా ఉన్నాడు.

నన్ను పర్మనెంట్ చేస్తామన్నారక్కా! ఇన్నేళ్ళకు! దానికి ముందు ఆరోగ్య పరీక్ష పెట్టారు. కళ్ళు, చెవులు, గొంతు, రక్తం. గొంతు చూసినాయన "ఏదీ, ఒకసారి అనౌన్స్‌మెంటు చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. గదిలో ఉన్న నర్సు కిటికీలోంచి బస్సు కోసం చూసింది. రక్తంలో మాత్రం కాస్త తేడా ఉందట. రక్తం తక్కువ, అంతే. డాక్టరు బిళ్ళలు రాశాడు. అది సరయితే పర్మనెంట్ కాగితం ఇస్తారట. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగాడు. నీ మీద ఒట్టు కదా, లేదన్నాను.

ఆ బిళ్ళలు వాడుతున్నన్నాళ్ళు పిల్లాడికి పాలివ్వొద్దన్నాడు. మాన్పించాను. వాడు రెండు రాత్రులు ఏడ్చి ఊరుకున్నాడు. నేనే ఇంకా ఊరుకోలేదు.

ఇది చదివి పెట్టె సర్దుకుని వచ్చేయకు. పోయినసారి నాకు జ్వరమొస్తే వచ్చి డాక్టరుతో దెబ్బలాడి వెళ్ళావు. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే, వెనక నువ్వున్నావేమోనని చూస్తాడు. మధ్యలో ఒక్కరోజు మానినా పరీక్షలోంచి తీసేస్తారని నువ్వే చెప్పావు. నేను బాగానే ఉన్నాను.

నీ చెల్లెలు


ఏప్రిల్ 20

పర్మనెంటమ్మగారికి,

రక్తం తక్కువంటే ఏమిటే, తిండి సరిగా తినడం లేదన్నమాట. ముందు అందరికీ పెట్టి చివర గిన్నె గోకుతావు. నాకు తెలియదా? మా మరిదిగారికి చెప్పు, నువ్వు తినే దాకా పక్కన కూర్చోమని. ఈ మాత్రలు కూడా బలమే కాబట్టి మానకు.

నా సంగతి వింటే నీకు నవ్వొస్తుంది. ఇప్పుడు గోళ్ళ వంతు. గోరు గట్టిపడే పూతట. ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి. పూత ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి కదా, అందుకని గిన్నెలు తోమే సబ్బు నీళ్ళ తొట్టిలో చేతులు ముంచి కూర్చోబెడతారు. ఇంట్లో అంట్లు తోమే చాకిరీ తప్పుతుందని ఉద్యోగానికొస్తే ఇక్కడ అంట్లు కూడా లేకుండా తోముతున్నాను. కత్తిరించిన గోటి ముక్కను ఒక చిన్న యంత్రంలో పెట్టి విరిగేదాకా వంచుతారు. ఆ యంత్రం టిక్కుమన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది.

మాలో ఒక గోళ్ళావిడ ఉంది. ఆవిడవి బారెడు గోళ్ళు. చేతులకు తొడుగులు లేకుండా ఇంట్లో గ్లాసు కూడా ముట్టుకోదు. కూర తరగడం, బట్టలు పిండడం అన్నీ ఆవిడ మొగుడే. ఆ గోళ్ళకున్న మర్యాద ఆ మొగుడికి లేదు పాపం. నేను పక్కన కూర్చుంటే నా గోళ్ళను జాలిగా చూస్తుంది.

నీ జుట్టు ఇప్పుడెలా ఉందో ఒక్క ముక్క రాయలేదేం? నేను కడుపు కట్టుకుని పంపిస్తున్నట్టే కదా. నా గోళ్ళలో మార్పేం లేదని తెల్లకోటావిడ మొహం చిట్లిస్తోంది. నేను మింగితే కదా మారడానికి!

నీ అక్క


జులై 2

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఈ మధ్య కూర్చున్నచోటే నిద్రపోతున్నాను. పిల్లాడికి అన్నం పెడుతూ పెడుతూ కళ్ళు మూతలు పడుతున్నాయి. వాడు నా ముక్కు పట్టుకుని లాగి లేపుతున్నాడు.

జుట్టు సంగతి అడిగావు. చెప్పకూడదనుకున్నాను. ముందుకంటే ఎక్కువ ఊడుతోంది. దువ్వెన పెడితే చాలు. కనుబొమలు కూడా పలచబడ్డాయి. నీ మాత్రలు ఒక్కరోజు మానలేదు. గోళ్ళు పొరలు పొరలుగా లేస్తున్నాయి. ఎండాకాలంలో అందరూ విసనకర్రలు వెతుక్కుంటుంటే నేను దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మొహం ఉబ్బింది. ఈయన మొదట నవ్వాడు, "పెళ్ళయిన కొత్తలో ఇంత బొద్దుగా ఉంటే ఎంత బాగుండేది" అని. ఇప్పుడు నవ్వడం లేదు. "ఎప్పుడు చూసినా పడుకునే ఉంటావేంటి?" అంటున్నాడు. ఆయన తప్పేం లేదులే. రోజంతా కరెంటు స్తంభాలెక్కి దిగే మనిషికి ఇంటికొచ్చాక పిల్లాడి పని కూడా పడుతోంది.

రక్తం మళ్ళీ చూశారు. ఇంకా సరవ్వలేదట. డాక్టరు నన్ను చూసి, కాగితం చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "నిన్ను చూస్తే ఒకలా ఉంది, కాగితంలో ఇంకోలా ఉంది" అన్నాడు. బిళ్ళలు పెంచాడు. ఇంకేమైనా వాడుతున్నావా అని మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నీ మాత్రలు నాకు పడడం లేదేమో? కొన్నాళ్ళు ఆపి చూడనా?

నీ చెల్లెలు


జులై 15

ఓసి పిచ్చిమొహమా,

బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టకు. అది విటమినే. గుడ్డులో ఉంటుంది, పల్లీల్లో ఉంటుంది. అది తిని ఎవరైనా నిద్రపోతారా? నువ్వు చంటిపిల్లాడి తల్లివి, పైగా ఒంట్లో రక్తం లేదు, నిద్ర రాక ఏం చేస్తుంది! నా అనుమానం వేరు. ఆకుపచ్చ పాకెట్లలోవి ఉత్తి పిండి మాత్రలేమో. అదే నిజమైతే నీకు పిండి తినిపిస్తూ కూర్చున్నాను. లేదా మోతాదు చాలడం లేదు. మాలో ఒకావిడ దురదలకు తట్టుకోలేక మానేసి వెళ్ళిపోతూ తన పాకెట్లన్నీ నాకు వదిలేసింది. అవీ ఆకుపచ్చవే. ఇకనుంచి రోజుకు రెండు వేసుకో. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. కుడిచేతి మధ్యవేలి గోరు పూతతో పాటు లేచి వచ్చేసింది. మూడు రోజులు నొప్పితో గిలగిలలాడాను. తెల్లకోటావిడ పరుగున వచ్చి, ఊడిన గోరును భద్రంగా సీసాలో పెట్టుకుంది. వేలిని నాకు వదిలేసింది. జుట్టు సాపు చేసే క్రీము కూడా మొదలుపెట్టారు. కుళ్ళిన గుడ్ల కంపు. మాడు మంట. మా ఇంటిగలావిడ స్నానాల గది తూములో జుట్టు అడ్డుపడిందని రోజూ తగాదా. నీకు ఊడుతోందని ఏడుస్తున్నావు గానీ, ఊడేది నీ ఒక్కదానిదేనా?

అయినా మానను. ఈ పని ఉంది కాబట్టే కదా నీకేదైనా పంపగలుగుతున్నాను.

నీ అక్క


సెప్టెంబర్ 3

అక్కా,

రోజుకు రెండు వేసుకుంటున్నాను.

నీ వేలు ఎలా ఉంది? పసుపు పెట్టావా? నువ్వు నవ్విస్తూ రాస్తావు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ పని మానేయమని చెప్పడానికి నాకు నోరు రాదు, ఇంకో దారి చూపించలేను కనుక.

నా గొంతు మారిందక్కా. బరువెక్కింది. నాలుక లావైనట్టు మాటలు ఈడ్చుకుంటూ వస్తున్నాయి. పోయిన వారం మూడో ప్లాట్‌ఫారానికి వచ్చే బస్సును ఆరో ప్లాట్‌ఫారం అని చెప్పాను. చెప్పినట్టు కూడా నాకు తెలియదు. జనం సామాన్లతో అటూ ఇటూ పరుగెత్తారు. ఒక ముసలాయన పడ్డాడు. దెబ్బలు తగల్లేదు గానీ మా ఆఫీసరు పిలిచి, "తాగొచ్చావా?" అని అడిగాడు. నన్ను! అక్కడే నిలబడి ఏడ్చాను. పర్మనెంట్ సంగతి ఆగిపోయింది. ఒంట్లో బాగుచేసుకుని రా, అప్పుడు చూద్దాం అన్నాడు.

తలకు స్కార్ఫు కట్టుకుంటున్నాను. పెద్ద డాక్టరుకు చూపించమని రాసిచ్చారు. ఏమంటాడో చూడాలి. నువ్వు మాత్రం కంగారుపడి రావద్దు.

నీ చెల్లెలు


సెప్టెంబర్ 19

చెల్లీ,

రోజుకు రెండు వేసుకున్నదానికి జుట్టు ఇంకా ఊడడమేమిటి? మా దగ్గర ఇరవై మంది తలలు చూస్తున్నాను, ఎవరికీ ఇలా లేదు. నిజం చెప్పు. ఆ మాత్రలు నువ్వే వేసుకుంటున్నావా, మీ ఆడపడుచుకి పంచిపెడుతున్నావా? ఆమెకు జుట్టు పిచ్చి ఉందని నాకు తెలుసు. అడిగితే లేదనడం నీకు చిన్నప్పటినుంచీ రాదు. పరికిణీ అడిగితే పరికిణీ ఇచ్చేశావు, పలక అడిగితే పలక ఇచ్చేశావు.

నేను ప్రతి వారం గేటు దగ్గర గుండె అరచేతిలో పెట్టుకుని బయటికి వస్తున్నాను. బ్యాగు తెరవమంటే నా పని అయిపోయినట్టే. ఎవరి కోసం? మీ ఆడపడుచు జడ కోసమా?

అక్క


అక్టోబర్ 11

అక్కకు,

ఖాళీ పాకెట్లన్నీ ఈ కవరులో పెట్టాను. లెక్క చూసుకో. ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు. మా ఆడపడుచు మా గడప తొక్కక ఆరు నెలలైంది. నా తల చూసి జాలిపడేవాళ్ళ ముందు కూర్చోలేక నేనే ఎవర్నీ రమ్మనడం లేదు.

నీకు కోపం వచ్చినా నేను మాత్రం మానలేదు. నా కోసం నువ్వు పడే పాట్లు నాకు తెలియకపోతే కదా.

మెడ దగ్గర చిన్న కొవ్వు గడ్డ ఉంది. వచ్చే నెల మొదట్లో తీసేస్తారు. చిన్న కోత. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తారట. పెద్ద డాక్టరు మంచివాడే, తొందరగా మాట్లాడతాడు. మందుల సంగతి ఆయనా అడిగాడు, ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. కోతకు ముందు రోజు వరకూ నీవి వేసుకుంటూనే ఉంటాను. పుండు త్వరగా మానాలంటే ఒంట్లో బలం ఉండాలి కదా.

గుండుగాడికి గుండు పోయింది. నల్లటి ఉంగరాల జుట్టు. నీ పోలికే.

చెల్లెలు


నవంబర్ 8

నా బంగారు చెల్లికి,

నీ ఖాళీ పాకెట్లు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. నా నోటికి హద్దూ అదుపూ లేదు. ఆ రోజు మాడు మంటతో ఉన్నాను, ఆ మంట నీ మీద చూపించాను. క్షమించమని అడగను, అడిగితే ఏడుస్తావు. డిసెంబరులో ఈ పరీక్ష ముగుస్తుంది. ముగిసిన మర్నాడే నీ ఇంట్లో ఉంటాను. పిల్లాడికి నా జుట్టు ఇచ్చేస్తా, కావలసినంత పీక్కోమను.

ఈ ఉత్తరం అందేసరికి కోత అయిపోయి ఉంటుంది. మంచం మీద పడుకుని చదువుకుని నవ్వు. కుట్లు పిగలకుండా నవ్వు.

మా గోళ్ళావిడకు పెద్ద కథే జరిగింది. బయట ఎక్కడో రక్తం చూపించుకుంటే థైరాయిడ్ ముదిరిపోయిందన్నారట. మనిషి చూస్తే దుక్కలా ఉంది. దడ లేదు, చెమట లేదు. కాగితంలో మాత్రం రేపో మాపో అన్నట్టుంది. ఇక చూడు, తొట్టి ముందు కూర్చుని ఒకటే ఏడుపు. మొగుణ్ణి పిలిచి, తన తర్వాత ఎవర్ని చేసుకోవాలో కూడా చెప్పేసిందట. ఆయన వెంటనే "సరే" అన్నాడట. దాంతో ఇంకా ఏడ్చింది! తెల్లకోటావిడ ఇది విని, "దానికి ఏడుస్తావెందుకమ్మా? ఓ వారం ఈ మాత్రలు ఆపి మళ్ళీ రక్తం ఇవ్వు" అంది. ఆపింది. ఇచ్చింది. రోగం మాయం! ఈ మాత్రలోని విటమిన్ ఒంట్లో ఎక్కువగా ఉంటే రక్తం చూసే యంత్రం తికమకపడి లేని రోగం చూపిస్తుందట. తెల్లకోటావిడకు ముందే తెలుసట. మాకు చెప్పాలని తోచలేదట. గోళ్ళావిడ మొగుడు మాత్రం ఆ "సరే" అన్నందుకు ఇప్పటికీ అన్నం లేకుండా తిరుగుతున్నాడు.

ఇందులో మనకో సంతోషం కూడా ఉందే. గోళ్ళావిడవీ ఆకుపచ్చ పాకెట్లే. అంటే నీకు పంపినవి ఉత్తి పిండి కాదు, అసలు మాత్రలే! ఇన్నాళ్ళూ అనవసరంగా అనుమానించాను. నీ రక్తం మాటేమిటా అని ఒక్క క్షణం గుండె ఆగింది గానీ, నీది రక్తం తక్కువే కదా, దానికీ దీనికీ సంబంధం ఉండదులే.

త్వరలో వస్తాను. లేచి తిరుగుతూ ఉండు.

నిన్ను నవ్వించే అక్క


డిసెంబర్ 6

అక్కా,

నీ ఉత్తరం ఆస్పత్రిలో ఉండగానే అందింది. మా ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని చదివి వినిపించాడు. గోళ్ళావిడ మొగుడు "సరే" అన్న దగ్గర గట్టిగా నవ్వాడు. చాలా నెలల తర్వాత ఆయన నవ్వడం చూసి నాకూ నవ్వొచ్చింది. మెడ కుట్లు లాగాయి. ఆ తర్వాతి నాలుగు ముక్కలూ చదివాడు. ఆగాడు. మళ్ళీ మొదటినుంచి, ఈసారి మనసులో చదువుకున్నాడు. "ఆకుపచ్చ పాకెట్లేమిటి?" అని అడిగాడు.

నీకు నేను రాసినవి అబద్ధాలు. రక్తం తక్కువ కాదు. కొవ్వు గడ్డా కాదు. మార్చిలోనే నాకు థైరాయిడ్ ఎక్కువైందన్నారు. చెబితే పరుగెత్తుకొస్తావని, నీ పని పోతుందని చెప్పలేదు. డాక్టరు ఇచ్చినవి ఆ గ్రంథిని అణిచిపెట్టే బిళ్ళలు. చలి, నిద్ర, ఉబ్బు, జుట్టు ఊడడం, గొంతు బరువెక్కడం, అన్నీ ఆ బిళ్ళల వల్లేనట. నాకు జుట్టు ఊడినకొద్దీ నువ్వు మాత్రలు పంపావు. నేను మింగినకొద్దీ కాగితంలో రోగం పెరిగింది. రోగం పెరిగినకొద్దీ ఆయన బిళ్ళలు పెంచాడు. ఎంతకీ లొంగడం లేదని చివరికి ఆ గ్రంథినే కోసి తీసేశారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే అందులో ఏ రోగమూ లేదట. ఇక బతికినన్నాళ్ళు దాని బదులు రోజూ పొద్దున్నే ఒక బిళ్ళ మింగాలి.

దానికి కూడా సర్దుకునేదాన్ని. కోసేటప్పుడు గొంతు నరానికి దెబ్బ తగిలింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు. కొందరికి కొంత తిరిగి వస్తుందట, నాకు ఆశ పెట్టుకోవద్దన్నారు. పిల్లాడు నా నోటి దగ్గర చెవి పెట్టి, చక్కిలిగింతలనుకుని నవ్వుతున్నాడు.

మా ఆయన ఇంటికెళ్ళి పప్పుల డబ్బాలో మిగిలిన పాకెట్లు తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాడు. నీ కంపెనీ పేరు కూడా చెప్పాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయి, వదిలేశాను. నీ పని పోవచ్చు. పోతే పోనీ అనిపించింది. నీ గురించి నాకు అలా అనిపించడం ఇదే మొదటిసారి. మందుల సంగతి వాళ్ళు అడిగిన ప్రతిసారీ నీ పని పోకూడదనే లేదన్నాను. ఆపనా అని నిన్ను అడిగిన రోజు, ఆపమంటావనే అడిగాను.

అబద్ధాలు ఆడింది నేను. ఒప్పుకుంటాను. అయినా నీ మీద కోపం పోవడం లేదు. నువ్వు నన్ను ప్రేమించలేదని కాదు. ఇంత ప్రేమించి ఒక్కసారైనా నా మాట వినలేదని. డిసెంబరులో వస్తానన్నావు. ఇప్పుడే రాకు. వస్తే నువ్వు ఏడుస్తావు, నేను నిన్ను ఓదార్చాలి. ఓదార్చడానికి నా దగ్గర గొంతు లేదు.

నిన్న బస్ స్టాండుకి వెళ్ళాం, నా గదిలో సామాను తెచ్చుకోవడానికి. పోయిన ఏడాది కాన్పు సెలవు పెట్టేముందు ఊళ్ళ పేర్లూ అంకెలూ అన్నీ నా చేత చదివించి రికార్డు చేసుకున్నారు. ఇప్పుడు దాన్నే ఉంచేశారు. కంప్యూటరు కావలసిన ముక్కలు అతికించి చెప్పేస్తుంది. ఇక మనిషితో పనిలేదట. ఆఫీసరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, చాలా మర్యాదగా చెప్పాడు.

బయటికి వస్తుంటే పిల్లాడు ఈయన చంకలోంచి జారి దిగాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. జనం మధ్యలోంచి తప్పటడుగులు వేసుకుంటూ పోతుంటే పైన స్పీకర్లో నా గొంతు వచ్చింది. తేటగా, ఏ తొందరా లేకుండా, ప్రయాణికులను నాలుగో ప్లాట్‌ఫారానికి రమ్మని పిలుస్తోంది. వాడు టక్కున ఆగి, తల పైకెత్తి, "అమ్మ" అన్నాడు. నేను వాడి వెనకే మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాను. ఎంత గట్టిగా పిలిచానో నాకు తెలుసు. వాడు వెనక్కి తిరగలేదు. స్పీకరు కింద నిలబడి, ఎత్తుకోమని దానికి రెండు చేతులూ చాపాడు.

చెల్లెలు